పెద్దాపరేషను బాలింతలకు నొప్పి మందు వేళకు అందాలి

సంపాదకులకు నమస్కారం.

నేను 31 సంవత్సరాలు ప్రసూతి వార్డుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఉద్యోగకాలంలో కొన్నేళ్లు విజయనగరంలో గడిచినా ఎక్కువ భాగం శ్రీకాకుళం జిల్లాలోనే సాగింది, ఇప్పుడు ఉంటున్నదీ శ్రీకాకుళం పట్నంలోనే. ఇటీవల మా అమ్మాయికి సిజేరియన్ అయి పాప పుట్టింది. ఆసుపత్రిలో ఉన్న ఆ నాలుగు రోజులూ మంచం పక్కన తల్లిగా కూర్చున్నప్పుడు, అన్నేళ్లు వార్డులో తిరుగుతూ కూడా నేను సరిగా పట్టించుకోని విషయం ఒకటి కళ్లకు కట్టింది. దానిని మీ పత్రిక ద్వారా మన రెండు జిల్లాల వైద్యులకు, నర్సులకు, ముఖ్యంగా ఇళ్లలో బాలింతలను చూసుకునే పెద్దలకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు ఉదయం పదకొండు గంటలకు ఆపరేషన్ ముగిసింది. నడుములో ఇచ్చిన మత్తు రెండున్నర గంటల్లో దిగింది. కాళ్లు కదులుతున్నాయని మా అమ్మాయి సంబరపడింది గానీ, మరో అరగంటకే కోత సలపడం మొదలైంది. నాలుగు గంటలకు ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. దాని బలం రాత్రి పది దాటేసరికి తగ్గిపోయింది. కేస్ షీటులో తరవాతి మందుకు ఎదురుగా 'ఎస్ఓఎస్' అని, అంటే అవసరమైతే ఇవ్వమని, రాసి ఉంది. అవసరమైందో లేదో ఎవరు చూడాలన్నది మాత్రం అందులో లేదు. డ్యూటీలో ఉన్న ఒక్క నర్సమ్మా అప్పుడు కాన్పు గదిలో ఉంది. ఎంతోసేపటికి వచ్చి, "ఏటమ్మా, కడుపు కోసినాక నొప్పుండదేటి? ఈ రేత్రికి ఓర్సుకో, పొద్దున్న డాక్టరమ్మ రౌండ్సుకి వస్తాది" అని సముదాయించి వెళ్లిపోయింది. పాప ఆకలికి ఏడుస్తుంటే మా అమ్మాయి పక్కకు ఒత్తిగిలలేక, లేచి కూర్చోలేక, పళ్ల బిగువున కన్నీళ్లు పెట్టుకుంది. చివరకు ఆ రాత్రి పాపకు డబ్బా పాలు పట్టాల్సి వచ్చింది. రెండున్నరకు నేనే వెళ్లి బతిమాలితే మందు ఇచ్చారు. అప్పటికే నొప్పి ముదిరిపోయి ఉండటంతో, ఇంజెక్షన్ చేసిన గంటకు గానీ మా అమ్మాయి పిడికిళ్లు విప్పలేదు.

ఆ నర్సమ్మను నేను నిందించడం లేదు. ఆమె అన్న మాటే నేనూ కొన్ని వందల మంది తల్లులతో అన్నాను. "బిడ్డ మొగం చూసుకో తల్లీ, అన్నీ మర్సిపోతావు" అని కూడా అనేదాన్ని. ఓదారుస్తున్నాననే అనుకునేదాన్ని. మందు అలమరాలోనే ఉండేది. కాగితం మీద వేళ రాసి లేదు కనుక, ఆ తల్లి మళ్లీ అడగలేదు కనుక, అది అలమరాలోనే ఉండిపోయేది. ఇప్పుడు తలచుకుంటే ఆ మంచాల నంబర్లు కూడా గుర్తుకొస్తున్నాయి.

సిజేరియన్లు అవసరానికి మించి జరుగుతున్నాయన్న చర్చ మీ పత్రికలో తరచుగా చూస్తుంటాను. ఆ చర్చ జరగవలసిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద ప్రతి వంద కాన్పుల్లో 21.5 సిజేరియన్లు కాగా, మన రాష్ట్రంలో అవి 42.4. అయితే ఆ ఆపరేషన్ అవసరమా కాదా అన్న వాదన ఎటు తేలినా, అప్పటికే కోత పడి మంచం మీద ఉన్న మనిషికి దానితో ఒరిగేదేమీ లేదు. వందలో నలభై మందికి పైగా తల్లులు ఈ కోతతోనే ఇంటికి వెళ్తున్న చోట, కోత తరవాత మొదటి మూడు రోజులు ఎలా గడవాలన్న దాని గురించి ఎక్కడా ఒక్క ముక్క వినిపించకపోవడమే నన్ను బాధిస్తోంది.

సిజేరియన్‌ను 'పెద్దాపరేషను' అని మన ఊళ్లలో ఊరికే అనలేదు. చర్మం, దాని కింద కొవ్వు, కండరాల మీది గట్టి పొర, కడుపు లోపలి పొర, ఆ తరవాత గర్భసంచి గోడ, ఇన్నింటిని దాటితే గానీ బిడ్డ బయటకు రాదు. ఇంత పెద్ద కోత మరే కారణంతో పడినా ఆ రోగిని బరువులు ఎత్తనివ్వరు, విశ్రాంతి తీసుకోమంటారు. బాలింత మాత్రం అదే రోజు బిడ్డను ఎత్తాలి, రెండు మూడు గంటలకొకసారి పాలివ్వాలి, రాత్రంతా మేలుకోవాలి. పైగా ఆమెకున్నది ఒక్క కోత నొప్పే కాదు. బిడ్డ రొమ్ము పట్టినప్పుడల్లా గర్భసంచి ముడుచుకుంటూ పొత్తికడుపులో మెలిపెట్టినట్టు వచ్చే నొప్పి ఒకటి ఉంటుంది, రెండో కాన్పుకు, మూడో కాన్పుకు అది మరింత ఎక్కువ. పేగులు తిరిగి కదలడం మొదలయ్యే ముందు గాలి బిగపట్టి వచ్చే నొప్పి మరొకటి, అది కొందరికి భుజం దాకా పాకుతుంది. కూర్చున్న తీరు, ఎత్తైన ఇనప మంచం, దిగడానికి పీట లేకపోవడం వీటికి తోడవుతాయి.

మా వియ్యపురాలు మంచి మనిషి. మనవరాలిని చూడటానికి వచ్చి, "మేం నలుగుర్ని కన్నాం గానీ ఈ మాత్రలు, సూదులు ఎరగం" అన్నారు. ఆమె నలుగురినీ కన్నది మంత్రసాని చేతుల మీద, కడుపు మీద కత్తి పడకుండా. ఆ కాన్పు నొప్పి బిడ్డ భూమ్మీద పడటంతో చాలావరకు ముగిసేది, ఈ నొప్పి బిడ్డ పుట్టాక మొదలవుతుంది. ఈ తేడా పెద్దవాళ్లకు మనం ఎన్నడూ విడమరచి చెప్పలేదు, అందుకే వారు కోడళ్ల ఓర్పును తమ ఓర్పుతో పోల్చి చూస్తున్నారు.

నొప్పి వచ్చాక మందు ఇవ్వడానికీ, నొప్పి రాకముందే వేళ ప్రకారం ఇవ్వడానికీ ఎంత తేడా ఉంటుందో మా అమ్మాయి విషయంలోనే చూశాను. రెండో రోజు ఉదయం రౌండ్సుకు వచ్చిన డాక్టరమ్మతో నేను మాట్లాడాను. ఆమె విసుక్కోలేదు, విని వెంటనే కేస్ షీటు తిరగరాశారు. పారాసిటమాల్ ఆరు గంటలకొకసారి, ఐబుప్రొఫెన్ ఎనిమిది గంటలకొకసారి, ఆహారం తిన్నాక, నొప్పి ఉన్నా లేకపోయినా ఇవ్వాలని రాశారు. ఈ రెండూ వేర్వేరు దారుల్లో పనిచేసే మందులు కనుక కలిసి ఇచ్చినప్పుడు ఒక్కొక్కటి ఇచ్చినదానికంటే బాగా పనిచేస్తాయి, బలమైన మత్తు కలిగించే మందుల అవసరం తగ్గుతుంది. మింగగలిగే రోగికి సెలైను ద్వారా ఎక్కించే పారాసిటమాల్ కంటే నోటితో వేసుకునే మాత్ర తీసిపోదు, ఖర్చు మాత్రం అతి తక్కువ. ఆ రోజు మధ్యాహ్నానికి మా అమ్మాయి తనంతట తాను పక్కకు తిరిగింది. సాయంత్రానికి వరండా చివరి వరకు నడిచి వచ్చింది. మందు ఏదీ కొత్తది కాదు, ముందు రోజు కూడా ఆ అలమరాలో ఉన్నదే.

ఇంతకంటే ముందే, ఆపరేషన్ బల్ల మీదే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. నడుములో ఇచ్చే మత్తు మందుతో పాటు అతి కొద్ది మోతాదులో, 100 నుంచి 150 మైక్రోగ్రాముల మేర, మార్ఫిన్ కలిపితే చాలామందికి దాదాపు ఒక రోజు పాటు కోత నొప్పి అణిగి ఉంటుంది. దీనితో దురద, వాంతులు రావచ్చు. అరుదుగా శ్వాస మందగించవచ్చు కనుక రాత్రంతా కనిపెట్టుకుని ఉండే సిబ్బంది అవసరం. మార్ఫిన్ మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. 2014లో ఆ చట్టాన్ని సవరించి ఆసుపత్రులకు అనుమతులను సులభం చేసినా, చిన్న ఆసుపత్రులు ఇప్పటికీ ఆ రిజిస్టర్ల బాధ్యతకు జంకుతాయి. అటువంటి చోట మత్తు డాక్టరు కడుపు గోడ కండరాల పొరల మధ్య, లేదా కుట్లు వేసేటప్పుడు కోత అంచుల్లో, బుపివకైన్ మందు ఎక్కిస్తే మొదటి కొన్ని గంటలు గట్టెక్కుతాయి. నడుములో మత్తుకు వాడే ఆ మందు సిజేరియన్లు చేసే ఏ ఆసుపత్రికీ కొత్తది కాదు. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది వైద్యుల నిర్ణయం. నా మనవి ఒక్కటే, వాటిలో ఏదో ఒకటి జరగాలి, దాని మీద వేళ ప్రకారం మాత్రలు సాగాలి.

'అడిగితే ఇస్తాం కదా' అని చాలామంది సిబ్బంది అంటారు. మన ప్రాంతపు ఆడవాళ్లు అడగరు. అడిగితే ఓర్పు లేనిదంటారని భయం, నర్సమ్మ కసురుకుంటుందని భయం, అత్తగారు పక్కనే ఉన్నారని సంకోచం. నొప్పి ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపి, మనం అటు తిరగ్గానే దుప్పటి కొస నోట్లో కుక్కుకున్న తల్లులను నేను చూశాను. ఒకటి నుంచి పది వరకు ఎంత అని అడిగితే, బడికి వెళ్లని అమ్మకు ఆ లెక్క అర్థం కాదు. కానీ మన ఊళ్లలో నొప్పిని కొలిచే కొలత ఒకటి ఎప్పటినుంచో ఉంది. జ్వరం తగ్గిందా అంటే, "రూపాయికి పావలా తగ్గిందమ్మా" అంటారు. నేను ఉద్యోగం చివరి రోజుల్లో అలాగే అడగడం మొదలుపెట్టాను. "నొప్పి రూపాయిలో ఎంతుంది తల్లీ?" అంటే, "ముప్పావలా ఉంది" అని వెంటనే చెప్పేవారు. పడుకున్నప్పుడు ఎంత, దగ్గినప్పుడు ఎంత, బిడ్డను ఎత్తినప్పుడు ఎంత అని విడిగా కూడా చెప్పేవారు. అర్ధరూపాయి దాటితే మందు చాలడం లేదని నేను లెక్క వేసుకునేదాన్ని. సీతంపేట, భామిని వైపు నుంచి వచ్చే సవర గిరిజన తల్లుల్లో తెలుగు అంతగా రానివారికి, నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం వరకు వరుసగా గీసిన బొమ్మలు చూపిస్తే వేలు పెట్టి చూపేవారు. అడగడానికి పట్టేది అరనిమిషం. నాడి, బీపీ, జ్వరం చూసినప్పుడే ఇదీ అడిగి అదే కాగితంలో రాయవచ్చు.

ఇది సుఖానికి సంబంధించిన మాట మాత్రమే అనుకోవద్దని ప్రార్థన. నొప్పి ఉన్న తల్లి మంచం దిగదు. దిగకపోతే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, కాన్పు తరవాతి వారాల్లో ఆ ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. నిండా ఊపిరి తీసుకోదు, దగ్గు వచ్చినా ఆపుకుంటుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. బిడ్డకు రొమ్ము సరిగా పట్టించలేదు, పాలు పడటం ఆలస్యమవుతుంది. మొదటి రోజున్నరలో నొప్పి తీవ్రంగా ఉన్న తల్లులకు, రెండు నెలల తరవాత కూడా నొప్పి మిగిలిపోయే అవకాశం రెండున్నర రెట్లు, దిగులు జబ్బు (డిప్రెషన్) లక్షణాలు కనిపించే అవకాశం మూడు రెట్లు ఉన్నట్లు 2008లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. బాలింతల దిగులును గాలి సోకిందనో, పుట్టింటి మీద బెంగనో కొట్టిపారేసే మన ఇళ్లలో ఈ సంగతి తెలిసి తీరాలి.

ఇక మన జిల్లాకే ప్రత్యేకమైన విషయం ఒకటుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో, ఉద్దానం అని పిలిచే ఈ ప్రాంతం పేరు విన్నవారందరికీ తెలుసు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందులు మామూలు బాలింతకు మేలు చేసేవే. అయితే అవి మూత్రపిండాలకు రక్తం చేర్చే నాళాలను తెరిచి ఉంచే రసాయనాలను అణచివేస్తాయి. అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలు ఆ భారాన్ని మోయలేవు. కనుక ఆ ప్రాంతం నుంచి వచ్చిన తల్లికి ఈ జాతి మందు మొదలుపెట్టే ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో చూసి తీరాలి. కాన్పుకు ముందు బీపీ బాగా పెరిగినవారికి, ఉబ్బసం ఉన్నవారికి, కడుపులో పుండు ఉన్నవారికి, కాన్పులో రక్తం ఎక్కువగా పోయినవారికి ఈ మందు ఇవ్వాలా వద్దా అన్నది వైద్యులే తేల్చాలి. ఇటువంటివారికి పారాసిటమాల్, మత్తు డాక్టరు చేసే కడుపు గోడ ఇంజెక్షన్ ఉన్నాయి. మూత్రపిండాలు బాగా లేవు కనుక నొప్పి భరించు అనడానికి వీల్లేదు.

ఇక్కడే మన పథ్యం గురించి కూడా చెప్పాలి. పచ్చి బాలింతకు నీళ్లు ఎక్కువ ఇస్తే కుట్లు చీము పడతాయని, పప్పు తింటే పుండు మానదని మన ఇళ్లలో నమ్మకం గట్టిగా ఉంది. రోజుకు రెండు గ్లాసుల వేడినీళ్లతో సరిపెట్టే ఇళ్లు నాకు తెలుసు. వేసవి ఉక్కలో, పాలిచ్చే తల్లికి, నీళ్లు ఆపి పైన ఐబుప్రొఫెన్ మాత్ర వేస్తే ఆరోగ్యమైన మూత్రపిండాలకు కూడా హాని కలగవచ్చు. నీళ్లు తగ్గితే మలబద్ధకం, ముక్కినప్పుడు కుట్ల మీద పోటు, దానికి తోడు రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్రల వల్ల ఇంకా గట్టిపడటం. కుట్లకు చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, మురికి చేతుల వల్ల. నీళ్లకు, పప్పుకు దానితో ఏ సంబంధమూ లేదు. పుండు మానడానికి కావలసిన మాంసకృత్తులు ఆ పప్పులోనే ఉన్నాయి. కాయం ముద్ద పెట్టండి, వెల్లుల్లి కారం పెట్టండి, మిరియాల చారు పోయండి, నాకు ఏ అభ్యంతరమూ లేదు, మా అమ్మాయికి నేనూ పెట్టాను. నీళ్లు మాత్రం ఆపవద్దు.

మాత్ర వేసుకుంటే మందు పాలలోకి దిగి బిడ్డకు ఎక్కుతుందన్న భయంతో చాలామంది తల్లులు ఇచ్చిన మాత్రలను తలగడ కింద దాచేస్తారు. పారాసిటమాల్ పాలలోకి చేరేది, జ్వరం వచ్చిన పసిబిడ్డకు వైద్యులు నేరుగా ఇచ్చే మోతాదు కంటే ఎంతో తక్కువ. ఐబుప్రొఫెన్ అయితే నూటికి ఒక వంతు కూడా చేరదు. పాలిచ్చే తల్లులకు ఈ రెండూ వాడదగిన మందులే. జాగ్రత్త పడవలసినవి వేరే ఉన్నాయి. ట్రమడాల్, కోడీన్ మందుల వల్ల పాలు తాగే బిడ్డకు మగత, ఊపిరి మందగించడం వంటి ప్రమాదం ఉండవచ్చు కనుక పాలిచ్చే తల్లులకు అవి తగవని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఆసుపత్రిలో వైద్యులు అవసరమనుకుని కనిపెట్టుకుంటూ ఇస్తే అది వేరు, ఇంటికి వెళ్లాక మందుల దుకాణంలో 'గట్టి నొప్పి మాత్ర ఇవ్వండి' అని అడిగి తెచ్చుకోవడం మాత్రం వద్దు. దుకాణాల్లో ఇచ్చే నొప్పి మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ మరో మందుతో కలిసి ఉంటుంది. దాని మీద మళ్లీ విడిగా పారాసిటమాల్ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. పెద్దవారికి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. మన తల్లుల్లో 50 కిలోలకు తక్కువ బరువున్నవారు ఎందరో ఉన్నారు, వారికి బరువును బట్టి మోతాదు ఇంకా తగ్గించాలి.

నడుములో ఇచ్చిన మత్తు సూది వల్ల జీవితాంతం నడుము నొప్పి వస్తుందన్న మాట కూడా ఊరూరా వినిపిస్తుంది. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండటం మామూలే. నెలలు, సంవత్సరాల తరబడి ఉండే నడుము నొప్పి గర్భంలో సాగిన కీళ్ల బంధనాల వల్ల, వంగి పాలివ్వడం వల్ల, బరువుల వల్ల వచ్చేదే. అయితే లేచి కూర్చోగానే తల పగిలిపోయేంత నొప్పి వచ్చి, పడుకుంటే తగ్గుతున్నట్లయితే మాత్రం అది ఆ సూదికి సంబంధించినది కావచ్చు. దానికి వైద్యం ఉంది, వెంటనే మత్తు డాక్టరుకు చెప్పాలి.

మందుకు తోడుగా చేతితో చేసే సాయం కూడా చెప్పవలసిన వేళకు చెప్పాలి. లేచేటప్పుడు తిన్నగా లేవకుండా, ముందు మోకాళ్లు మడిచి పక్కకు ఒత్తిగిలి, చేతుల మీద బరువు మోపి లేస్తే కుట్లు లాగవు. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు ఒక దిండునో మడత పెట్టిన దుప్పటినో కోత మీద అదిమి పట్టుకోవాలి. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండిలో గతుకుల రోడ్డు మీద ఇంటికి వెళ్లేటప్పుడు కూడా ఆ దిండే ఆదుకుంటుంది. బిడ్డను ఒడిలో పెట్టుకుంటే కాళ్లు కోతకు తగులుతాయి కనుక, పక్కకు పడుకుని పాలివ్వడమో, బిడ్డ కాళ్లు వెనక్కి వచ్చేలా చంకలో పట్టుకుని ఇవ్వడమో నేర్పాలి. మాత్ర వేసుకున్న అరగంట ముప్పావు గంటకు నడిస్తే నడక తేలికవుతుంది. ఇవన్నీ ఐదు నిమిషాల మాటలు, అయినా నా ఉద్యోగకాలంలో వీటిని ఒక్కొక్క తల్లికీ కూర్చుని చెప్పిన రోజులు తక్కువే.

నొప్పిని అణచాలన్నానని, ప్రతి నొప్పినీ మాత్రతో మూసేయమని అర్థం చేసుకోవద్దు. రోజురోజుకూ తగ్గవలసిన నొప్పి మూడో రోజు తరవాత పెరుగుతుంటే, 100.4 డిగ్రీలు దాటి జ్వరం వస్తే, కోత ఎర్రబడి వేడెక్కి చీము కారుతుంటే, కాన్పు తరవాత పోయే మైల దుర్వాసన వేస్తుంటే, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుడుతుంటే, ఆయాసం వస్తే, రక్తస్రావం ఉన్నట్టుండి పెరిగితే, చూపు మసకబారి తలపోటు వస్తే ఆ గంటే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. వేళ ప్రకారం మందు అందుతున్న తల్లిలో ఇటువంటి కొత్త నొప్పి ఇట్టే తెలిసిపోతుంది. అన్ని నొప్పులూ ఒక్కటై కమ్మేసిన తల్లిలో ఏది మామూలో ఏది ప్రమాదమో మాకు కూడా తెలిసేది కాదు.

కొత్త పథకం ఏదీ నేను అడగడం లేదు. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్‌తో సహా కాన్పు, మందులు, పరీక్షలు, సిజేరియన్ అయిన తల్లికి 7 రోజుల వరకు భోజనం అన్నీ ఉచితమే. ఆ మందుల్లో నొప్పి మందు కూడా ఒకటని గుర్తుంచుకుని, వేళలతో కేస్ షీటులో రాయాలి. సిజేరియన్ అయిన ఇంటికి ఆశ కార్యకర్త 7, 14, 21, 28, 42 రోజుల్లో వచ్చి బిడ్డను తూచి, జ్వరం చూసి వెళ్తుంది. అదే రాకలో తల్లిని, "నొప్పి రూపాయిలో ఎంతుంది?" అని ఒక్క మాట అడిగి రాసుకునేలా జిల్లా వైద్యారోగ్య అధికారులు చెప్పగలరు. రాత్రి డ్యూటీలో ముప్పై మంచాలకు ఒక్క నర్సమ్మను పెట్టి నొప్పి అడగలేదని తప్పుపట్టడం అన్యాయం కనుక, కాన్పు గదికి, బాలింతల వార్డుకు రాత్రివేళ విడివిడిగా మనుషులను ఇవ్వాలని కూడా వారిని కోరుతున్నాను. ప్రైవేటు ఆసుపత్రుల వారు బిల్లు కాగితంతో పాటు, ఏ మాత్ర ఏ వేళకు ఎన్ని రోజులు వేసుకోవాలో తెలుగులో రాసిన కాగితం ఇచ్చి పంపాలి. అల్లుళ్లకు, మగపిల్లలకు కూడా ఒక మాట. వార్డులోకి మిమ్మల్ని రానివ్వకపోయినా, మాత్ర వేళ అయిందని ఫోను చేసి గుర్తు చేయడానికి ఎవరూ అడ్డు చెప్పరు. మా అల్లుడు అదే చేశాడు.

మా అమ్మాయి మంచం పక్క గోడకు రెండో రోజు నేను ఒక కాగితం అంటించాను. ఎడమ వైపు వేళలు, మధ్యలో మాత్ర పేరు, కుడి వైపు రూపాయిలో నొప్పి ఎంతో రాయడానికి ఖాళీ గళ్లు. మూడో రోజు సాయంత్రానికి పక్క మంచాల వాళ్లు ఇద్దరు అడిగి అటువంటి కాగితాలే రాయించుకున్నారు. రాత్రి డ్యూటీ నర్సమ్మ కూడా అది చూసి, మందు ఇచ్చినప్పుడల్లా తన చేతితో వేళ రాసింది. ఈ రెండు జిల్లాల్లో ఏ ఆసుపత్రి వారు కోరినా ఆ కాగితం నమూనా రాసి ఇస్తాను, అవసరమైతే వచ్చి కొత్త నర్సులకు ఎలా అడగాలో, ఎలా రాయాలో చూపిస్తాను. నా చిరునామా మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను, పేరు మాత్రం ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
శ్రీకాకుళం